పిల్లిగారి బీపీ

మా ఇంట్లో కుక్కని అల్లుడు అంటాం. పిలవకుండా వచ్చాడు, వచ్చినరోజే ఇంట్లో ఉన్న మంచి కుర్చీ చూసుకున్నాడు, పెట్టింది తింటాడు, పెట్టనిదానికి అలుగుతాడు. ఇంకేం పేరు పెడతాం? మా అసలు అల్లుడికీ ఈ సంగతి తెలుసు. పాపం మంచివాడు. ఎవరైనా "అల్లుడూ" అని కేకేస్తే ముందు కుక్క వైపు చూస్తాడు, అది కదలకపోతే అప్పుడు పలుకుతాడు.

ఆ నాలుగుకాళ్ళ అల్లుడికి చెవిలో చీము పట్టింది. మంగళవారం పొద్దున్న నేనూ మా ఇంటావిడా వాణ్ణి పశువుల ఆస్పత్రికి తీసుకెళ్ళాం.

ఆస్పత్రి హాలు పెద్దదేం కాదు. ఎడమవైపు గోడమీద కుక్క బొమ్మ, దాని కింద ఆరు కుర్చీలు. కుడివైపు పిల్లి బొమ్మ, దాని కింద ఇంకో ఆరు. పిల్లుల వైపు మనిషి ఛాతీ ఎత్తున ఒక చెక్క అర కొట్టారు. పక్కనే కాగితం అంటించారు. కుక్క తాడు పొట్టిగా పట్టుకోవాలట. పిల్లి బుట్టలు నేలమీద కాకుండా అరమీద పెట్టాలట, ఎత్తులో ఉంటే వాటికి భయం తగ్గుతుందట. అడగకుండా ఒకరి జంతువు దగ్గరికి ఇంకొకరిది పోకూడదట. నేను మొత్తం చదివాను. మా ఊరి బళ్ళో నేర్పింది చదవడమే. చదివినట్టు చెయ్యడం పైక్లాసు పాఠం కాబోలు, నేను అంతదాకా వెళ్ళలేదు.

అర ఖాళీగా ఉంది కదా అని నా సంచి దానిమీద పెట్టాను. అందులో గొడుగూ, నీళ్ళసీసా, అల్లుడి తువ్వాలూ ఉన్నాయి. తియ్యమంది మా ఆవిడ. ఎవరైనా వస్తే తీస్తాలే అన్నాను.

మాకంటే ముందు ఒక లారీ డ్రైవరు వచ్చి మూలన కూచున్నాడు. అతని కుక్క దూడంత ఉంది. మూతికి బుట్ట తొడిగి, దాన్ని గోడవైపు తిప్పి కూచోబెట్టి, తాడు చేతికి రెండు చుట్లు చుట్టుకుని, మిగిలింది కాలికింద తొక్కిపట్టాడు. నువ్వు దాన్ని తెచ్చావా, అది నిన్ను తెచ్చిందా అని అడిగాను. నవ్వాడు.

"ఇది కరవదు పెద్దాయనా. కానీ దీన్ని చూసి జడుసుకునేవాళ్ళకి ఆ సంగతి తెలీదుగా" అన్నాడు.

మాట బాగుంది అనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను, అదీ నా తెలివి.

కాసేపటికి ఒకావిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. మెడలో కొలతల టేపు అలాగే ఉంది, తియ్యడం మరిచిపోయినట్టుంది. చేతిలో బుట్ట, దానిమీద రవికల ముక్కలతో కుట్టిన గుడ్డ. బల్ల దగ్గర చీటీలు రాసే అమ్మాయితో ఆవిడ చెప్పిందంతా హాల్లో అందరికీ వినబడింది. పిల్లికి పన్నెండేళ్ళు. దవడపన్ను పుచ్చి చీము పట్టింది. నాలుగు రోజులుగా ముద్ద ముట్టలేదు. ఆపరేషన్ చేసే పెద్ద డాక్టరు వేరే ఊరినుంచి పదిహేను రోజులకొకసారి వస్తాడు, మధ్యాహ్నం పన్నెండుకి వెళ్ళిపోతాడు. ముందు బీపీ చూస్తారు, బాగుంటే వెంటనే మత్తు ఇచ్చి పన్ను తీసేస్తారు అని చీటీలమ్మాయి చెప్పింది.

టైలరమ్మ అర దగ్గరికి వచ్చింది. నా సంచి చూసింది. చివరి కుర్చీలో కూచుని బుట్ట ఒళ్ళో పెట్టుకుంది. నేను చూశాను. లేద్దామనే అనుకున్నాను. కానీ అప్పటికే డ్రైవరుకి మా తాతగారింటి పందికొక్కు సంగతి మొదలుపెట్టేశాను, మధ్యలో వదిలి లేస్తే అతనికి మర్యాదగా ఉండదని ఆగాను.

ఆ పందికొక్కు ఎదురొస్తే పిల్లులు దారిచ్చి పక్కన నిలబడేవి. ఒకరోజు అది బియ్యం బస్తా వీపున వేసుకుని పోతూ మా తాతకి ఎదురైంది. బస్తా దించి, ఆయన దాటేదాకా తల వంచుకుని నిలబడి, మళ్ళీ ఎత్తుకుని వెళ్ళిపోయింది. పెద్దలంటే అంత గౌరవం.

"ఎంతుండేదేంటి?" అన్నాడు డ్రైవరు.

"ఇంత" అని రెండు చేతులూ బార్లా చాపాను.

ఆ రెండు చేతుల్లో ఒకదాంట్లో అల్లుడి తాడు ఉంది.

వాడు కుర్చీల కిందనుంచి దూరి, హాలు దాటి, టైలరమ్మ ఒళ్ళో ఉన్న బుట్టకి ముక్కు ఆనించాడు. తోక చూస్తే వాడికి ఏ పాపమూ తెలీదని ఎవరైనా చెబుతారు. లోపలున్నదానికి తోక కనబడదు, ముక్కే కనబడుతుంది. బుట్ట ఒక్క ఊపు ఊగి నేలమీద పడింది, ఒక పొర్లు పొర్లింది. లోపలినుంచి వచ్చిన కేక పిల్లిది అంటే నమ్మలేం. తలుపు గడియ గట్టిది కాబట్టి పిల్లి బయటికి రాలేదు. డ్రైవరు కూచున్నచోటినుంచే కాలు చాపి అల్లుడి తాడు తొక్కాడు.

నేను వెళ్ళి వాణ్ణి లాక్కుంటూ, మావాడు ఏమీ అనడమ్మా, పలకరిస్తాడంతే అన్నాను. ఆవిడ నా వైపు చూడలేదు. నేలమీద మోకాళ్ళమీద కూచుని, బుట్టకి మొహం ఆనించి, నేనే, నేనే అంటోంది.

సరిగ్గా అప్పుడే ఆవిణ్ణి లోపలికి పిలిచారు.

ఐదు నిమిషాల్లో తిరిగి వచ్చింది, వెనకాలే చిన్న డాక్టరమ్మ. పిల్లి ముంగాలికి వేలెడంత పట్టీ చుట్టి ఐదుసార్లు చూశారట. రెండువందల ముప్ఫైకి తగ్గలేదు.

"ఇది జబ్బా, భయమా అన్నది ఇప్పుడు చెప్పలేనండీ. భయమైతే అరగంటలో దిగుతుంది. దిగకపోతే మత్తు ఇవ్వను. ఇస్తే లేవకపోవచ్చు" అంది డాక్టరమ్మ.

"మళ్ళీ పెద్ద డాక్టరుగారు వచ్చేదాకా ఇది ఆగదమ్మా" అంది టైలరమ్మ.

డాక్టరమ్మ కాదనలేదు. తిండి మానేసిన పిల్లికి కాలేయం చెడుతుందని, అందుకే ఈరోజే చేద్దామనుకున్నామని చెప్పింది. గోడగడియారం చూసింది. పదీ నలభై. పదకొండుంబావుకి మొదలుపెడితేనే పెద్ద డాక్టరు పని పూర్తి చేసి వెళ్ళగలడు. నూట అరవైకి వస్తే చేస్తాం అని లోపలికి వెళ్ళింది.

నాకు తలకొట్టేసినట్టయింది. ఏదో అనబోతే మా ఆవిడ నా మోచేయి పట్టుకుంది.

"మీరు మాట్లాడకండి. ముందు వాణ్ణి తీసుకుని బయటికి నడవండి. ఎవరి కుక్కా లోపలికి రాకూడదు" అంది.

నా సంచి తనే తీసి నా భుజానికి తగిలించింది. అర తుడిచింది. ఇద్దరూ కలిసి బుట్టని అరమీద పెట్టి గుడ్డ కప్పారు. హాల్లో మోగకూడదని చీటీలమ్మాయి ఫోను పట్టుకుని వసారాలోకి వచ్చేసింది. డ్రైవరు, ఎవరూ చెప్పకుండానే, తన దూడని నడిపించుకుంటూ నా వెనకే వచ్చాడు.

ఆస్పత్రి గేటు ఇనపది. తెరిస్తే కిర్రుమంటుంది. మొదట ఒక కుర్రజంట వచ్చి గేటు తోసేసరికి నా పళ్ళు జివ్వుమన్నాయి. అక్కణ్ణుంచి ఎవరొచ్చినా నేనే పోయి గేటు రెండు చేతులా పైకెత్తి, చప్పుడు కాకుండా తెరిచాను. అల్లుడి తాడు నా నడుముకి కట్టేసుకున్నాను. కుర్రజంట కుక్కపిల్లకి మెడలో మువ్వ ఉంది, తీసి జేబులో వేసుకోమంటే వేసుకున్నారు. సంగతేమిటో గుసగుసగా చెప్పాను. నా జన్మలో ఉన్నది ఉన్నట్టు చెప్పిన సంగతి అదొక్కటే, అంత చప్పగా ఉంటుందని నాకు తెలీదు.

తరవాత ఒక పెద్దమనిషి రెండు కుక్కలతో వచ్చాడు. రెండూ ఒకదాన్నొకటి తిట్టుకుంటున్నాయి. వసారాలో ఆగమన్నాను. తనకి పదకొండింటికి టైమిచ్చారని, ఎండలో ఎందుకు నిలబడాలని దబాయించాడు.

"మావి ఏమీ అనవు తాతగారూ. పలకరిస్తాయంతే" అన్నాడు.

నా మాట నాకే అప్పజెప్పాడు. డ్రైవరు మాటే అరువు తెచ్చుకున్నాను.

"మీవి ఏమీ అనవు నాయనా. లోపలున్నదానికి ఆ సంగతి తెలీదు. ఇందాక మావాడూ పలకరించే వచ్చాడు. ఆ పిల్లికి ఈపూట ఆపరేషన్ అవుతుందో లేదో తెలీకుండా పోయింది."

ఆయన కుక్కల్ని చూశాడు, నా నడుముకున్న తాడుని చూశాడు, గోడనీడలోకి జరిగాడు. చేతులు ఊపకుండా కూడా మీకు మాటొస్తుందే అన్నాడు డ్రైవరు నా చెవిలో.

కిటికీ అద్దంలోంచి హాలు కనబడుతోంది. మా ఆవిడా టైలరమ్మా పక్కపక్కన కూచున్నారు. మా ఆవిడ అంతసేపు నోరు మెదపకుండా ఉండడం పెళ్ళయ్యాక అదే చూడడం. పదకొండింటికి డాక్టరమ్మ వచ్చింది. బుట్టని కదపలేదు, లోపలికి తీసుకెళ్ళలేదు. అరమీదే తలుపు తీసి, గుడ్డ కింద చెయ్యి పెట్టి, కాలికి పట్టీ చుట్టి చూసింది. టైలరమ్మ మొహం చూస్తే తగ్గలేదని తెలిసిపోయింది.  వసారాలో తిట్టుకునే కుక్కలు పడుకున్నాయి.

పదకొండూ పది. మళ్ళీ వచ్చింది. ఈసారి డాక్టరమ్మ వేళ్ళు మడిచి లెక్కపెడుతూ చాలాసేపు ఉంది. మా ఆవిడ కిటికీ వైపు తిరిగి, నాకు తెలియాలని, అరచెయ్యి మెల్లగా కిందికి దించి చూపించింది. తరవాత తెలిసింది, నూట అరవై నాలుగు. ఆ నాలుగు సంగతి పెద్ద డాక్టరుని అడగడానికి డాక్టరమ్మ లోపలికి వెళ్ళింది. ఆయన తీసుకురమ్మన్నాడు.

బుట్ట లోపలికి వెళ్ళింది. నేను అప్పటికి గేటు దగ్గర మెట్టుమీద కూలబడ్డాను.

మా అల్లుడి చెవి పదకొండున్నరకి కడిగారు. వాడు చేసిన గొడవ ఇల్లెక్కి అరిచినట్టుంది. మందు రాయించుకున్నాం. అయినా మేం వెళ్ళలేదు. పన్నెండుకి పది నిమిషాలుందనగా డాక్టరమ్మ వచ్చి, రెండు పళ్ళు తీశామనీ, పిల్లికి తెలివి వస్తోందనీ, సాయంత్రం మెత్తటిది ఏదైనా పెట్టి చూడమనీ చెప్పింది. టైలరమ్మ మెడలో టేపు తీసి, చుట్టి, సంచిలో పెట్టుకుంది. కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు వెళ్ళాను. అల్లుణ్ణి మా ఆవిడకిచ్చి, ఒంటరిగానే వెళ్ళాను.

"తప్పు నాదమ్మా. తాడు వదిలిందీ నేనే, అరమీద సంచి పెట్టిందీ నేనే" అన్నాను.

ఆవిడ నన్ను అప్పుడు సరిగ్గా చూసింది. కోపంగా ఏం లేదు. నిదానంగా, కొలత తీసుకుంటున్నట్టు చూసింది.

"గేటు దగ్గర నిలబడ్డారట, మీ ఆవిడగారు చెప్పారు. మీవాడి చెవికి మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు బాబాయిగారూ?"

పోనీలే, కుక్క క్షేమం కూడా అడుగుతోంది అనుకుని నాకు ప్రాణం లేచొచ్చింది. వచ్చే మంగళవారం పదింటికి అని చెప్పాను.

ఆవిడ చీటీలమ్మాయి వైపు తిరిగింది.

"కుట్లు చూపించడానికి మాకు బుధవారం రాయమ్మా" అంది.