స్తూఫా అన్న మాట

మా ఆయన జగ్గారావు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. న్యూ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో మాకిచ్చిన క్వార్టరు రెండే గదులు. అయినా బొబ్బిలి వైపు మా వాళ్ళందరికీ అదే సత్రం. రైల్వేలో కలాసీ పని కోసం ఎవడు బండి దిగినా నేరుగా మా గుమ్మంలోకే వచ్చేవాడు. పని దొరికేదాకా మా వరండాలోనే పడక, మా పొయ్యి మీదే కూడు. ఒకడు వెళ్తే ఇద్దరు దిగేవారు. నేనా, తెల్లారి బొగ్గులపొయ్యి ముందు కూర్చుంటే మళ్ళీ చీకటి పడ్డాకే లేచేదాన్ని.

ఒక్క ఆదివారం ఆ పొయ్యి వెలిగించకుండా ఉండాలని నా ఆశ. అంతకు మించి ఏ దేవుణ్ణీ ఏదీ అడగలేదు. ఇంట్లో అడుగుదామంటే నోరేదీ? మా అత్త జోగమ్మ ముందే కట్టడి చేసింది. అన్నం పెట్టే మనిషి విసుగన్న మాట ఎత్తకూడదట, ఎత్తితే ఇంట్లో గింజ నిలవదట. నాకసలే ముక్కు మీద కోపం. దాన్నంతా దిగమింగి గరిటె తిప్పేదాన్ని.

పక్క క్వార్టరు సుందర్ రాజన్నయ్య మిలిటరీలో చేసి వచ్చినవాడు. యుద్ధం రోజుల్లో బెంగుళూరు దగ్గర ఇటలీ ఖైదీలకు కాపలా కాశాడు. ఒకనాడు బీడీకి నిప్పు కోసం వచ్చి, నా మొహం చూసి నవ్వాడు.

"స్తూఫా అయిపోనావేటి సెల్లీ?"

"అదేటన్నయ్యా, తిట్టా?"

"తిట్టు కాదమ్మా. ఇటలీ మాట. విసుగెత్తిపోనాదని. మగోడైతే స్తూఫో అంటాడు, ఆడదైతే స్తూఫా. పొయ్యిని కూడా ఆళ్ళు స్తూఫా అనే అంటారు. పొయ్యి మీద కూర ఉడికి ఉడికి మెత్తబడిపోతాది సూడు, మడిసికీ అలాగే ఉంటాదని అందులోంచి పుట్టిందంట. ఖైదీల్లో ఓ బడిపంతులుండేవోడు, ఆయన సెప్పినాడు."

"మరెప్పుడంటారు?"

"ఎప్పుడనరు! పప్పు తిని తిని స్తూఫో. వాన కురిసి కురిసి స్తూఫో. అనీసి, నవ్వీసి, మళ్ళీ పేకాటకి కూకునేవోరు. ఆళ్ళకదేం పాపం మాట కాదు."

హమ్మయ్య, నా ప్రాణం లేచొచ్చింది! మా అత్త కట్టడి ఇటలీ మాటకెక్కడిది? ఆ పూట నుంచి ఎడాపెడా వాడేశాను. బొగ్గు రాజుకోక పొగ చిమ్మితే స్తూఫా. గోల్‌బజార్ నుంచి బుట్టెడు చేపలొస్తే స్తూఫా. మా ఆయన ఎవరో కొత్త దేవత పేరనుకున్నాడో ఏమో, నోరెత్తలేదు. పని అదే, పొగా అదే, కానీ అనేశాక నా గుండె తేలికయ్యేది. భలే హాయిగా ఉండేది.

ఒక ఆదివారం పొద్దున్న ఆయన వంటింట్లోకి తొంగి చూశాడు. "హైమా, ఊర్నించి మరో నలుగురు దిగినారు. మరిన్ని బియ్యం పడెయ్."

"స్తూఫా! స్తూఫా! స్తూఫా!" అని గరిటె గిన్నెలో పడేశాను.

ఆయన జారుకున్నాడు. అత్త మాత్రం వచ్చి నా ఎదురుగా పీట వాల్చుకుంది. "ఏటే ఆ మంత్రం? నిజం సెప్పు."

అబద్ధం ఆడడం నాకు చేతకాదు. పొయ్యి సంగతి, ఖైదీల సంగతి అంతా చెప్పేశాను. "ఉడికి ఉడికి విసుగెత్తిపోనానత్తా" అన్నాను. ఇక దులిపేస్తుందనుకుని తల వంచుకున్నాను.

ఆవిడ పొయ్యి వైపు చూసింది. "మీ మావ కలాసీగా సేరిన కాడ్నించీ ఈ పొయ్యి కాడే ఉన్నానే" అంది. "ఆయన పోయినా ఊరోళ్ళు రావడం మాననేదు. అలాగనొచ్చని నాకెవులూ సెప్పనేదే. మరోపాలి అను."

అన్నాను. ఆవిడ మెల్లగా పలికి చూసుకుంది. ఇంకోసారి గట్టిగా అంది. లేచి వరండాలోకి నడిచింది.

"ఒరే జగ్గా! ఈయేల పొయ్యి నేదు. అందర్నీ గోల్‌బజారు తీసుకెళ్ళి పూరీలెట్టించు. మా ఇద్దరికీ పొట్లం కట్టించుకురా."

"ఏటైనాదే అమ్మా?"

"నాను స్తూఫా అయిపోనాన్రా!"

ఆ మధ్యాహ్నం నా పక్కనే చాప మీద నడుం వాల్చింది. కాపురానికొచ్చాక మా అత్త పగలు పడుకోవడం నేను చూసింది అదే మొదటిసారి.