గుంజకు కట్టిన కారు

యమున పొద్దున లేచి చేసే మొదటి పని ఐసుపెట్టె కడుక్కోవడం. రెండో పని అత్త బయ్యమ్మ చేత ఒక మాట అనిపించుకోవడం. రెండూ అయితే గానీ పుంగనూరులో ఆ ఇంటికి తెల్లవారినట్టు ఉండదు.

“ఈ పొద్దు కూడా పోవాల్నా?” అనేది బయ్యమ్మ, ముగ్గు చిప్ప చేత్తో పట్టుకుని.

“పోకుంటే సీసాలు నడిచొస్తాయా అత్తా?” అనేది యమున.

అవి రక్తం సీసాలు. కుప్పం, వీకోట, పలమనేరుల్లో ఉండే చిన్న చిన్న ఆస్పత్రుల్లో తీసిన రక్తాన్ని ఐసుపెట్టెలో పెట్టుకొచ్చి, మధ్యాహ్నానికల్లా మదనపల్లె ల్యాబులో అప్పజెప్పాలి. సొంత కారు ఉన్నవాళ్ళకే ఇచ్చే ఉద్యోగం అది. రామకుప్పం దగ్గర రాగిచేలల్లో కూలికి పోయిన చెంగయ్య కూతురు, పాతదైతేనేం, తన జీతంతో కొన్న కారులో స్టీరింగు పట్టుకుని కుప్పం పోతుంటే ఆమెకు కలిగే సంతోషం ఇంతా అంతా కాదు. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. అంటే దిష్టి తగులుతుందని భయం.

బయ్యమ్మ సంగతి వేరు. ఆమె మొగుడు లారీ డ్రైవరు. రోడ్డు మీద బతికి రోడ్డు మీదే పోయాడు. ఆ తరువాత ఆమె బస్సు గానీ ఆటో గానీ ఎక్కింది లేదు. ఎక్కడికైనా నడకే. నడవలేని చోటికి పోనే పోదు. కోడలు కారు కొన్న రోజు టెంకాయ కొట్టింది కానీ, ఒక్కసారి లోపల కూర్చోమంటే “నాకు పనుండాది” అని వంటింట్లోకి పోయింది.

ఆ కారుకు మెకానిక్కు చిన్నస్వామి. మదనపల్లె రోడ్డులో షెడ్డు. ఆయన చెప్పే అబద్ధం ఒకటే రకం. “రేపు సాయంత్రానికి ఇచ్చేస్తానమ్మా” అంటాడు. ఆ రేపు ఎప్పుడొస్తుందో పంచాంగం రాసేవాళ్ళకు కూడా తెలియదు. అయితే ఒకసారి రిపేరు చేస్తూ సైడు అద్దం పగలగొట్టి, యమున చూడకముందే తనే ఫోను చేసి చెప్పాడు. టైము విషయంలో ఆయన్ని నమ్మరాదు, తక్కినవాటిలో నమ్మొచ్చు అని యమున అప్పుడే అనుకుంది.

ఆ వేసవిలో కారు తాళం అరిగిపోయి ఇరుక్కుంటుంటే, యమున స్పేర్ తాళంతో సహా కారును చిన్నస్వామికి ఇచ్చింది. ఆయన మామూలుగానే చెప్పిన రోజు మానేసి ఇంకో రోజు, యమున సంతకు పోయిన సమయంలో, కారు తెచ్చి వాకిట్లో పెట్టి పోయాడు. యమున తిరిగొచ్చేసరికి బయ్యమ్మ చేతిలో ఒక్క తాళమే ఉంది.

“రెండోది యాడ అత్తా?”

“నాకేం తెలుసు? ఆయప్ప ఇచ్చింది ఇదే.”

చిన్నస్వామికి ఫోను చేస్తే, “రెండూ ఆ అమ్మ చేతికే ఇచ్చినాను కదమ్మా” అన్నాడు.

వేరే ప్రాంతమైతే ఇది చిన్న విషయం. ఈ పక్క అట్లా కాదు. ఇక్కడ బండికి స్పేర్ తాళమే గుంజ. అది ఏ బీరువాలోనో ఊరికే పడి ఉన్నంతకాలం కంటికి కనిపించని తాడు ఎంత దూరమైనా సాగుతుంది. ఎవరైనా దాన్ని పట్టుకుని బిగించారంటే బండి అంత మేరకే పోగలదు, ఆ పైన కదలదు. మదనపల్లె నుంచి కుప్పం దాకా ఈ సంగతి తెలియని డ్రైవరు లేడు.

తాళం పోయిన కొద్ది రోజులకే కుప్పం పొలిమేరలో కారు నిలిచిపోయింది. ఇంజను తిరుగుతోంది, చక్రాలు ముందుకు పోవు. రివర్సు వేస్తే మాత్రం హాయిగా వెనక్కి పోతోంది.

పక్కన టీ అంగడి ఆయన గ్లాసు కడుగుతూనే చూశాడు. “తాడు అయిపోయింటాది మేడం. మా బామ్మర్ది ట్రాక్టరు కూడా ఇంతే. స్పేర్ తాళం ఎవురికాడ ఉండాదో సూసుకోండి.”

యమున ఆ రోజు ఆటోలో పోయి సీసాలు తెచ్చుకుంది. తరువాత తాడు వీకోట దగ్గరికి తగ్గింది. ఆ తరువాత పలమనేరు. రోజూ ఎక్కడ ఆగుతుందోనని బ్రేకు మీద కాలు పెట్టుకునే నడిపేది. ల్యాబులో ఇన్‌చార్జి భరత్ మంచివాడే కానీ, అతనికీ పైనవాళ్ళు ఉన్నారు. “సోమవారం దాకా చూస్తాం మేడం. ఆ రోజు కూడా కుప్పం సీసాలు మీ కారులో రాకపోతే రూటు ఇంకొకరికి ఇచ్చేస్తారు” అన్నాడు.

యమున మొగుడు మహేష్ మదనపల్లె టమోటా మండీలో గుమాస్తా. అతను ఒక్క నిమిషంలో తీర్పు చెప్పేశాడు. “కారు నిలిస్తే యాడికి పోతాది? షెడ్డుకే కదా! బేరం కోసం ఆ మెకానిక్కే బిగిస్తాండాడు.”

ఊరికే అని ఊరుకోలేదు. షెడ్డుకు పోయి, నలుగురి ముందర చిన్నస్వామిని నిలదీశాడు. “కాణిపాకం వినాయకుని ముందర ప్రమాణం చేస్తావా?”

“నీళ్ళు పోసుకోని ఇప్పుడే వస్తా, పదప్పా” అన్నాడు చిన్నస్వామి.

మహేష్ దీనికి సిద్ధపడి పోలేదు. మండీలో లోడు ఉంది, ఇంకోరోజు చూద్దాం అని జారుకున్నాడు. కానీ మాట మాత్రం ఊరంతా తిరిగింది. కాణిపాకం దాకా వచ్చిందంటే ఏదో ఉండే ఉంటుందని జనం అనుకున్నారు. చిన్నస్వామి షెడ్డులో బండ్లు తగ్గిపోయాయి.

రాత్రి అన్నం దగ్గర మహేష్ ఇదంతా చెబుతుంటే బయ్యమ్మ చేతిలో సంగటి ముద్ద అట్లాగే ఉండిపోయింది. “దేవుని ముందరికి యాల పిలిచినావురా?” అని, తినకుండా లేచి పోయింది.

చివరికి తాడు ఊరు దాటనివ్వలేదు. మదనపల్లె కూడా అందకుండా పోయింది. యమున కారును వీధి ఈ కొస నుంచి బస్టాండు దాకా తిప్పి తెచ్చి నిలిపేది. “పోనీలే, ఇంట్లో ఉండు. ఏం తక్కువైంది నీకు?” అన్నాడు మహేష్, నిజంగా ప్రేమగానే. తిట్టి ఉంటే తిరిగి తిట్టేది. ఆ ప్రేమను తిట్టేదెట్లా? ఇంట్లో గోడలు కూడా రోజుకింత దగ్గరికి జరుగుతున్నట్టు అనిపించేది.

ఒకరు ఇచ్చానన్నారు, ఒకరు తీసుకోలేదన్నారు. షెడ్డు మనిషిని నమ్మితే ఇంటి మనిషిని అబద్ధాలకోరు అన్నట్టు. కోడలు నోటితో అనగలిగే మాట కాదది. అందుకే ఆమె నోటితో అనలేదు. ఆదివారం సాయంత్రం కారు తీసుకుని నేరుగా షెడ్డుకు పోయి, ఉన్న ఒక్క తాళాన్నీ చిన్నస్వామి ముందర పెట్టింది.

“మా ఆయన ఇయ్యొద్దన్నాడన్నా. ఉండేది ఇదొక్కటే.”

చిన్నస్వామి దాన్ని ముట్టుకోలేదు. “ఇంగో మాట పడల్నా నేను?”

“నువ్వు ఇచ్చినానన్నావు. నేను నమ్మినా. ఇంగ ఏం చేయాల్నో చెప్పు.”

ఆయన చాలాసేపు తల గోక్కున్నాడు. ఇంతకుముందే ఈ జబ్బుకు క్లచ్ ప్లేట్లు ఒకసారి, పెట్రోలు పంపు ఒకసారి మార్చి చూసిన మనిషి. ఇక మార్చడానికి ఏమీ మిగల్లేదు. “మేతకు పోయిన గొడ్డు పొద్దుగూకితే గుంజకాడికే పోతాది కదమ్మా. న్యూట్రల్లో పెట్టి ఇడిసేద్దాం. నా షెడ్డులోకి వచ్చిందనుకో, నువ్వే నన్ను పోలీసుల కాడికి పట్టుకోని పో.”

తాళం తీసుకుని తనే కారును బస్టాండు ముందరికి నడిపాడు. హ్యాండు బ్రేకు తీసి దిగి, తలుపేసి, పక్కకు జరిగాడు. కారు ఎటు తిరిగినా ఈ సాయంత్రం ఎవరో ఒకరు దొంగ కావాల్సిందే.

కారు కాసేపు ఊరికే నిలబడింది. తరువాత మెల్లగా ముక్కు తిప్పింది. మదనపల్లె రోడ్డు వైపు కాదు. బజారు వైపు. పూలమ్మే ఆమె గంప పక్కకు తీసుకుంది. “జరగండప్పా, ఇంటికి పోతాండాది” అని ఎవరో అంటే బస్సు కూడా ఆగి దారి ఇచ్చింది. ఎత్తు ఎక్కింది, మలుపు తిరిగింది. వెనకాల నడుస్తున్న చిన్నస్వామి కళ్ళు తుడుచుకోవడం యమున చూసింది. చూడనట్టు నడిచింది.

యమున ఇంటి వాకిట్లో కూడా అది ఆగలేదు. పక్క సందులోకి పోయి, వంటింటి వెనక గోడకు బంపరు ఆనించి నిలిచింది. ఆ గోడకు అవతల ఉండేది దేవుడి గూడు.

చిన్నస్వామి తాళం ఆమె చేతిలో పెట్టాడు. “నేను లోపలికి రానమ్మా. అది మీ ఇంటి సంగతి.”

లోపల బయ్యమ్మ గూటి కింద కూర్చుని ఉంది. ఒళ్ళో పసుపు గుడ్డ మూట. మూట చిన్నది, దాని మీద ముడులు మాత్రం లెక్కలేవు. ముడి మీద ముడి, ముడి మీద ముడి.

“నీ తాళమే. ముడుపు కట్టినా” అంది బయ్యమ్మ, అడగకముందే. “నువ్వు కారు మానేసి ఇంటిపట్టున ఉంటే బోయకొండ గంగమ్మకు ఇచ్చుకుంటానని మొక్కినా.”

“ఇన్ని ముడులు యాల?”

“నువ్వు పొద్దుపోయి వచ్చిన దినమల్లా ఒగటి ఏసినా. రామకుప్పం కాడ ఏనుగులు దిగినాయని టీవీలో చెప్తే ఒగటి ఏసినా.”

“ఇప్పెయ్ అత్తా.”

“తీరని మొక్కు నడిమద్దెన ఇప్పకూడదు. ఇప్పితే నీకేమన్నా అయితే?” బయ్యమ్మ మూటను దగ్గరికి లాక్కుంది. “మీ మామకు కట్టలేదు. ఆ పొద్దు నాకు తోచలేదు.”

యమునకు కోపమూ ఏడుపూ కలిసే వచ్చాయి. “ఈ ఇంట్లోనే ఇట్ల కూచోని బతికేది ఒక బతుకా అత్తా?”

బయ్యమ్మ తలెత్తింది. “నేను బతకలేదా?” అంది.

ఎత్తిపొడుపు కాదది. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. యమున గడప మీద కూర్చుంది.

సోమవారం పొద్దున యమున ఐసుపెట్టె కడిగింది. ఎందుకు కడిగిందంటే అలవాటు, అంతే. ఐసు నింపి, సందులో ఉన్న కారులో పెట్టి, స్టార్టు చేసింది. కారు గోడను వదల్లేదు.

అప్పుడు బయ్యమ్మ బయటికొచ్చింది. ముడుపు నడుముకు దోపుకుని ఉంది. “నేను పోయి ఆయప్పకు చెప్పొస్తా” అని, చెప్పులేసుకుని మదనపల్లె రోడ్డు పట్టింది. ఆమె నాలుగడుగులు వేసేసరికి కారు గోడను వదిలింది. ఆమె నడిస్తే నడిచింది, ఆగితే ఆగింది. యమున స్టీరింగు పట్టుకుని కూర్చోవడం తప్ప చేసిందేమీ లేదు.

ఎదురింటి కుసుమ అరుగు మీద నుంచి అడిగింది. “ఏం పెద్దమ్మా, కారును మేపుకోని వచ్చేదానికి పోతాండావా?”

మామూలప్పుడైతే కుసుమకు తగిన జవాబే దొరికేది. ఆ రోజు బయ్యమ్మ తల దించుకుని నడిచింది.

షెడ్డు దగ్గర ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్ళు పోయేదాకా ఆగుదామని ఆమె చూడలేదు. “నా చేతికే ఇచ్చినావప్పా” అంది గట్టిగా. “నేనే దాచిపెట్టినా. నిన్ను దొంగ అంటాంటే నోరు మూసుకోని ఉన్నా. తప్పైపోయింది.”

చిన్నస్వామి నూనె గుడ్డతో మొహం తుడుచుకుని ఇంకాస్త మసి పూసుకున్నాడు. “చెప్పినావు కదమ్మా, సాలు” అన్నాడు. ఇంకేదో అనబోయి, కారులో ఐసుపెట్టె చూశాడు. “పెద్దమ్మా, నువ్వు ఇట్లే నడిసి కుప్పం పోతావా? ఐసు కరిగిపోతాది.”

కారు ముందు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

బయ్యమ్మ ఆ తలుపు ముందర నిలబడిపోయింది. ముడుపు ఇచ్చి పంపేయొచ్చు, కానీ తీరని మొక్కు చేయి దాటించడానికి ఆమెకు మనసు రాలేదు. ఇంటికి తిరిగి పోవచ్చు, కారు కూడా వెనకాలే వస్తుంది. యమున రమ్మనలేదు. వద్దనలేదు. చిన్నస్వామి తలుపు వదల్లేదు. బయ్యమ్మ ఒక కాలు లోపల పెట్టింది. గంగమ్మను తలుచుకుని రెండోది పెట్టింది.

పలమనేరు దాకా కళ్ళు తెరవలేదు. వీకోట దగ్గర ఒక కన్ను తెరిచింది. కారు ఎక్కడా ఆగలేదు. గుంజ తనే బండెక్కి కూర్చుంటే తాడు పని ఏముంది?

కుప్పంలో యమున ఆస్పత్రిలోకి పోయి సీసాలు తీసుకుని వచ్చేసరికి సీటు ఖాళీగా ఉంది. ముడుపు మాత్రం సీటు మీద ఉంది. యమున సీసాలతోనే చుట్టూ వెతికింది. రోడ్డు అవతల చూస్తే, ఆగి ఉన్న బస్సు ముందర నిలబడి బయ్యమ్మ కండక్టరుతో మాట్లాడుతోంది. కాసేపటికి తనంతట తనే రోడ్డు దాటి వచ్చి కూర్చుంది.

“ఆ బస్సు కిష్ణగిరికి పోతాదంట” అంది.

“ఔనత్తా.”

“మీ మామ చెప్తాండె ఆ ఊరి పేరు. లారీలో ముందర కూచోని ఒగసారి రమ్మన్నాడు. ఇంట్లో సంగటి ఎవురు గెలకాలని నేను పోలేదు.”

ఏడుస్తుందేమోనని యమున చూసింది. బయ్యమ్మ ఏడవలేదు. ముడుపు ఒళ్ళోకి తీసుకుని, పైముడిలోకి గోరు దూర్చింది.

“నడిమద్దెన ఇప్పకూడదంటివి?” అంది యమున మెల్లగా.

“గంగమ్మకు నేను చెప్పుకుంటాలే. నువ్వు రోడ్డు సూడు.”

బిగించేటప్పుడు గట్టిగానే బిగించింది. వీకోట వచ్చింది, పోయింది. పలమనేరు దగ్గర పడుతుండగా మొదటి ముడి వదులైంది. యమున అంతదాకా కారును నిదానంగానే పోనిచ్చింది.