ఆలస్యంగా పేలే తుపాకి

మేలన్ డ్రైస్‌బాక్ తన పనిగదిలో రెండు తుపాకుల్నీ బల్లమీద పక్కపక్కన పెట్టాడు. ఒకటి నా పుట్టినరోజుకు నా భర్త డేల్ కొనిచ్చిన ఫ్యాక్టరీ సరుకు. రెండోది మేలన్ పది నెలలు కూర్చుని స్వయంగా చేసింది. ఆర్డరిచ్చిన మనిషి ఆ వేసవిలో పోవడంతో అక్కడే ఉండిపోయింది.

రెండూ చెకుముకి తుపాకులే. మా పెన్సిల్వేనియా కొండల్లో క్రిస్మస్ మర్నాడు మొదలయ్యే జింకల వేటకు చట్టం వేరే తుపాకిని ఒప్పుకోదు. ట్రిగ్గర్ నొక్కితే రాయి ఉక్కును గీరుతుంది, రవ్వలు పక్కనున్న చిన్న గిన్నెలో మందుమీద పడతాయి, ఆ మంట సన్నటి రంధ్రంలోంచి గొట్టంలోకి దూరి గుండును తోస్తుంది. మంచి తుపాకిలో ఇదంతా కలిసి ఒకే చప్పుడుగా వినిపిస్తుంది.

"నీదాంతో ఏమిటి ఇబ్బంది, వెర్నా?" అన్నాడు మేలన్.

"ఒక్కోసారి లేటుగా పేలుతోంది పెద్దాయనా. నాకే చేతకావడం లేదంటాడు డేల్."

"మొగుళ్లు అలాగే అంటారు. పద, పెరట్లో చూద్దాం."

ముందు ఆయన చేసిన తుపాకి పేల్చాను. బరువు భుజంమీద కుదురుగా కూర్చుంది. నొక్కడం, పేలడం రెండూ ఒక్కటే. మూడు గుండ్లూ గురిపలకమీద నా అరచేతి వెడల్పులో పడ్డాయి. తర్వాత నాది తీసుకున్నాను. రెండుసార్లు బాగానే పేలింది. మూడోసారి గిన్నెలో మందు భగ్గుమంది, పొగ లేచింది, గొట్టం మాత్రం పలకలేదు. నేను తుపాకి దించబోయాను. మేలన్ దాని కింద చెయ్యిపెట్టి ఆపాడు.

"దించకు."

"ఆరిపోయింది కదా."

"ఆరిపోయిందని నువ్వనుకుంటున్నావు. కదలకుండా అటే పట్టుకో. లెక్కపెట్టు."

లోలోపల లెక్కపెట్టాను. ఐదు దగ్గర ఇదంతా ముసలాయన చాదస్తం అనిపించింది. ఏడు దగ్గర తుపాకి పేలింది.

మేలన్ తుపాకి నా చేతిలోంచి తీసుకున్నాడు. లోపలికి తీసుకెళ్లి, కళ్లజోడు నుదుటిమీదికి నెట్టి, సన్నటి తీగతో ఆ రంధ్రాన్ని తడిమి చూశాడు. "ఉండాల్సిన చోట లేదిది. పొడుగ్గా, ఏటవాలుగా తొలిచి పారేశారు. మంట ఇందులో ఒక్క ఉదుటున పోవాలి. ఇది వత్తి కాలినట్టు మెల్లగా కాలుకుంటూ పోతోంది."

"బాగుచెయ్యలేరా?"

"గొట్టమే మార్చాలి. నన్నడిగితే ఇక్కడే వదిలెయ్. రంపంతో రెండు ముక్కలు చేసేస్తా."

"డేల్ ముచ్చటపడి ఇచ్చింది పెద్దాయనా. ఊరికే గోడకు తగిలించుకుంటా."

"గోడకుంటే ఎవడో ఒకడు అడుగుతాడమ్మాయ్," అన్నాడాయన. అని, తాను చేసిన తుపాకిని పాత దుప్పట్లో చుట్టి నా చేతికిచ్చాడు. రెండేళ్లుగా దాచుకున్నదంతా దానికే పెట్టాను. అందుకు ఇప్పటికీ విచారం లేదు.

డిసెంబరు మొదట్లో ఓరెన్ ఫెన్‌స్టర్‌మాకర్ అడగనే అడిగాడు. నేనూ డేలూ పనిచేసే సామిల్లులోనే దుంగలెత్తే బండి నడుపుతాడు ఓరెన్. పొడగరి, నోరు మూతపడని మనిషి. మధ్యాహ్నం నలుగురం కూర్చుని తింటుంటే నావైపు తిరిగాడు.

"ఏం వెర్నా, కొత్త పెళ్లికొడుకు వచ్చాక పాతాయన్ని గోడకెక్కించావట. ఈ సీజనుకు నాకివ్వరాదూ? నేనూ మా జానెల్ కూడా మీతో వస్తాం."

"అది అప్పుడప్పుడు కాస్త లేటుగా పేలుతుంది," అన్నాను.

"మా ఆవిడ ముస్తాబుకన్నా లేటా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఏడు అంకెలు లెక్కపెట్టానన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. పక్కనే డేల్ సాండ్‌విచ్ తింటూ నాకేసి చూస్తున్నాడు. అతనిచ్చిన బహుమతిని పదిమందిలో తీసిపారేసినట్టవుతుందని మింగేశాను. ఇంతకన్నా వేరే కారణం లేదు. ఆ సాయంత్రమే ఓరెన్ వచ్చి తుపాకి పట్టుకెళ్లాడు.

ఆ మూడు వారాలూ నా మనసు కుదుటపడలేదు. రెండుసార్లు ఫోను చేతిలోకి తీసుకున్నాను. మొదటిసారి చెయ్యకుండానే పెట్టేశాను. రెండోసారి ఓరెనే ఎత్తాడు. పేల్చి చూశావా అని అడిగితే, "పదిసార్లు పేల్చా. బంగారంలా ఉంది. దిగులు పెట్టుకోకు," అన్నాడు. పదిసార్లు సరిగ్గా పేలింది గనక ఇక దాన్ని పూర్తిగా నమ్మేస్తాడని మరింత భయం వేసింది. అయినా సరేలే అని పెట్టేశాను.

క్రిస్మస్ మర్నాడు పొద్దున గాలి లేదు. రాత్రి కురిసిన మంచుమీద పైపొర గట్టిపడి, అడుగువేస్తే కరకరమంటోంది. డేల్, జానెల్ కొండ పైనుంచి హెమ్లాక్ చెట్ల గుబురులోకి దిగి జింకల్ని కిందికి తోలాలని అనుకున్నాం. కింద కాలిబాట పక్కన నేనూ ఓరెనూ కాపు. మా ఇద్దరి మధ్య ఎనభై అడుగులు. తుపాకిలో మందు పోసుకుంటున్న ఓరెన్‌ని చూశాను. గిన్నెలో మందు ఎక్కువ పోస్తున్నాడు. అంత పోస్తే మంట లోపలికి ఇంకా ఆలస్యంగా పాకుతుందని చెబుదామనుకున్నాను. అంతలో పైన కొమ్మలు విరిగిన చప్పుడైంది.

మూడు జింకలు దిగాయి. ముందొచ్చింది ఓరెన్‌కి నేరుగా ఎదురైంది. అతను నొక్కాడు. గిన్నె భగ్గుమంది. అంతే. జింకలు మూడూ తోకలెత్తి పొదల్లోకి దూకి మాయమయ్యాయి.

"ఓరెన్, దించకు," అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది. మళ్లీ గట్టిగా అరిచాను.

అతను నావైపు తిరిగాడు. ముఖం నిండా నవ్వు. ఏమన్నావని అడుగుతున్నట్టు చెవి ముందుకు వంచాడు. తుపాకి నడుము దాకా దిగి, గొట్టం పక్కకు, గుబురువైపు తిరిగింది. అక్కడ జానెల్ ఎర్ర ఉన్నికోటు చెట్ల మధ్య నుంచి అప్పుడే బయటికొస్తోంది. ఒంటిమీది మంచు దులుపుకుంటూ వస్తోంది.

నేను చేతిలోది పారేసి పరిగెత్తాను. నాలుగైదు అడుగులు వేశానేమో.

గుండు ఆమె మోకాలి దగ్గర తగిలింది. జానెల్ అరవలేదు. కూర్చుందామనుకున్నదానిలా మంచులో కూలబడింది. డేల్ బెల్టు తీసి ఆమె తొడకు బిగించాడు. ఓరెన్ ఆమె తల ఒళ్లో పెట్టుకుని ఒకే మాట అంటూ ఉన్నాడు: "ఆరిపోయిందనుకున్నా జానెల్. ఆరిపోయిందనుకున్నా."

ఆస్పత్రి వరండాలో వేట అధికారి నోటుపుస్తకం తెరిచాడు. ఆయన అడగకముందే ఓరెన్ చెప్పాడు: "తప్పు నాది సార్. లేటుగా పేలుతుందని వెర్నా ముందే చెప్పింది. నేనే నవ్వి కొట్టిపారేశా."

అక్కడితో ఊరుకుంటే నన్నెవరూ వేలెత్తి చూపేవారు కాదు. కానీ ఓరెన్ నాకోసం కుర్చీ జరిపి, కూర్చో అన్నాడు. నాకు కూర్చోవడం చేతకాలేదు.

"నేను సగమే చెప్పాను," అన్నాను. "అది ఏడు లెక్కపెట్టేదాకా ఆగి పేలింది. మేలన్ దాన్ని కోసేస్తానన్నాడు. నేనే వద్దన్నాను."

అధికారి రాసుకున్నాడు. డేల్ నేలకేసి చూశాడు. ఓరెన్ నావైపు తిరిగి, "ఏడా?" అన్నాడు. లేచి జానెల్ గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

డాక్టర్లు కాలు నిలబెట్టారు గానీ మోకాలు వంగదు. కొత్త సంవత్సరం రోజు మావైపు శుభమని తినే పంది మాంసం, పులిసిన క్యాబేజీ వండి వాళ్లింటికి పంపాను. గిన్నె కడిగి మా గుమ్మం దగ్గర పెట్టి వెళ్లారు, చీటీ ముక్క లేకుండా. మిల్లులో ఓరెన్ ఇప్పుడు వేరే బల్ల దగ్గర తింటాడు. మాట్లాడతాడు, పనిమాట వరకే. అతని నోరు మూతపడటం అందరికంటే నాకే ఎక్కువ వినిపిస్తుంది.

మార్చిలో జానెల్ దాణా కొట్టులో పనికి తిరిగొచ్చింది. ఎత్తు స్టూలుమీద కాలు చాచుకుని కూర్చుంది. కోళ్లదాణా రెండు బస్తాలు అడిగాను. చెప్పాల్సినదంతా దారిపొడవునా మనసులో వల్లెవేసుకుని వచ్చి, చివరికి డబ్బులు మాత్రం బల్లమీద పెట్టాను.

"బస్తాలు నువ్వే ఎత్తుకోవాలి," అంది జానెల్, కాలివైపు చూపిస్తూ. తర్వాత కిటికీలోంచి బయటికి చూసింది. "మెట్లమీద మంచు ఇంకా కరగలేదు. చూసుకుని దిగు."

రెండు బస్తాలూ ఒక్కొక్కటిగా మోసుకుని దిగాను.