ఫ్రిజ్ మీద తుప్పు చుక్కలు

నాకు భయం ఎక్కువ. ఈ సంగతి ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలిక.

తొంభై ఎనిమిదిలో మేం శేరిలింగంపల్లిలో అద్దెకుండేవాళ్ళం. మా ఆయన రవికిరణ్‌కి మాదాపూర్‌లో ఒక కంప్యూటర్ కంపెనీలో కొత్త ఉద్యోగం. ఆర్నెల్లు పని చూసి నచ్చితే ఉంచుకుంటారు, లేకపోతే పంపేస్తారు. ఆ సంతకం పెట్టేది పై అధికారి విశ్వేశ్వరరావు గారు. నాలుగు నెలలు గడిచాయో లేదో, ఆయన కంపెనీ పని మీద భార్యతో సహా రెండు నెలలు సింగపూర్ వెళుతూ, ఖాళీ చేసిన ఇంటి సామానులోంచి ఫ్రిజ్ ఒక్కటీ మా వంటింట్లో పెట్టించారు. మా ఇల్లే ఎందుకంటే, అడగ్గానే "తప్పకుండా సార్" అన్నది మా ఆయనే కాబట్టి. ఆ మనిషికి ఇంకో మాట రాదు.

అలాంటి ఫ్రిజ్ నేనెప్పుడూ చూడలేదు. తణుకులో మా పుట్టింట్లో ఉన్నది ఎర్రరంగుది. ఇది పైనుంచి కిందిదాకా స్టీలే. ఆయన భార్య వీరలక్ష్మి గారు వెళ్ళేముందు నన్ను నిలబెట్టి మరీ చెప్పింది. వాడుకోవచ్చు గాని, తలుపు తుడవాలంటే మెత్తటి నూలుగుడ్డ, సబ్బునీళ్ళు మాత్రమే. స్టీలు మీది సన్నగీతలు ఎటుంటే అటే తుడవాలి. వెంటనే పొడిగుడ్డతో తడి ఒత్తెయ్యాలి. నేను బడిపిల్లలా తల ఊపాను. వాళ్ళ కారుకి సొట్ట పెట్టిన పాపానికి ఒకతని ఉద్యోగం నెల తిరక్కుండా ఊడిందని ఆఫీసులో చెప్పుకునేవారట. నిజమో కాదో తెలీదు గాని, నాకు నిద్రపట్టకపోవడానికి ఆ మాట చాలు.

మా పనిమనిషి సత్తెమ్మకి దాని జోలికి వెళ్ళొద్దని ఆ రోజే చెప్పాను. సత్తెమ్మది శేరిలింగంపల్లే. యాభై దాటిన మనిషి. గిన్నెలు తోమితే మన మొహం వాటిలో కనిపించాల్సిందే. అయినా సరే, గుడ్డతో కూడా ముట్టుకోవద్దన్నాను. సరేనని ఊడ్చేటప్పుడు కూడా దానికి జానెడు దూరంలో ఊడ్చేది.

చేసిందల్లా నేనే. ఇంట్లోకి కొత్త వస్తువొస్తే బొట్టు పెట్టకుండా ఉండడం నాకు చేతకాదు. ఎవరిదైతేనేం, మా గడప దాటి వచ్చింది గదా అని పసుపు రాసి, నూనెలో కలిపిన కుంకుమతో మూడు బొట్లు పెట్టాను. అవి ఎండి బిగుసుకుపోయాయి. వాళ్ళు సింగపూర్ నుంచి తిరిగొచ్చే ఆదివారానికి ఇంకో పదిరోజులుందనగా తుడిస్తే, బొట్లు ఊడాయి గాని మూడు ఎర్రమచ్చలు మిగిలాయి. సబ్బుకి పోలేదు. గోటికి పోలేదు. మాడిన గిన్నెలు తోమే ఇనుప పీచు తెచ్చి రుద్దాను. గీతల వెంబడే రుద్దాను, ఆవిడ చెప్పినవాటిలో నేను పాటించింది అదొక్కటే. మచ్చలు పోయాయి. హమ్మయ్య అనుకున్నాను.

ఆ వారమంతా ముసురు పట్టింది. మూడో రోజు పొద్దున పాలు తీయబోతే తలుపు మీద ఆవగింజంత గోధుమరంగు చుక్క. గుడ్డ పెట్టి అద్దితే కదల్లేదు. మర్నాడు అవి ఏడెనిమిదయ్యాయి. ఆ మర్నాడు లెక్కపెట్టడం మానేశాను. అది తుప్పు. స్టీలుకి తుప్పు పట్టదని పుట్టినప్పటినుంచీ వింటున్న మాట, నా చేతిలో పడగానే అబద్ధమైపోయింది.

ఇక తిన్నది ఒంటబట్టలేదు. హ్యాండిల్‌కి తువ్వాలు వేలాడదీసి చుక్కల్ని దాచాను. మా ఆయనకి చెప్పలేదు. చెబితే వెంటనే సింగపూర్ ఫోన్ చేసి తప్పు ఒప్పేసుకునే రకం. రోజూ ఆయన స్కూటర్ చప్పుడు వినగానే, ఉద్యోగం పోయిందని చెప్పడానికే వస్తున్నాడనిపించేది. తువ్వాలు ఎత్తి చూసినప్పుడల్లా చుక్కలు ఇంకాస్త కిందికి పాకినట్టుండేవి.

ఆదివారం రానే వచ్చింది. మా ఆయన, విశ్వేశ్వరరావు గారు సామాను బండి కోసం వెళ్ళారు. వీరలక్ష్మి గారు ఒక్కతే వంటింట్లోకి వచ్చింది. ఆవిడ ఇంకా ఫ్రిజ్ వైపు చూడనేలేదు, నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"మా పనిమనిషి ఇనుప పీచుతో రుద్దిందండి. నేను వద్దన్నా వినలేదండి."

సత్తెమ్మ పెరటి గుమ్మంలో గిన్నెలు తోముతోంది. చెయ్యి ఆగింది. తలెత్తి నా వంక చూసింది. కాదని ఒక్కమాట అంటే అయిపోయాను.

"అవునమ్మా, నేనే రుద్దిన," అంది సత్తెమ్మ. మళ్ళీ గిన్నెల మీదికి వంగింది.

వీరలక్ష్మి గారు తువ్వాలు తీసి చూసింది. కోప్పడలేదు. ఇది స్టీలుకి పట్టిన తుప్పు కాదని, పీచులోంచి రాలిన ఇనుప రజను గీతల్లో ఇరుక్కుని తడికి అదే తుప్పు పడుతుందని చెప్పింది. సింగపూర్‌లో తనూ ఒకసారి ఇదే పని చేసిందట. వంటసోడా అడిగి, నీళ్ళతో ముద్దలా కలిపి, గీతల వెంబడి మెల్లగా రుద్ది, కడిగి ఒత్తింది. ఒక్క చుక్క మిగల్లేదు. మొత్తం కలిపి పావుగంట కూడా పట్టలేదు. పాపం ముసలామెని ఏమీ అనకండి అని కూడా చెప్పి వెళ్ళింది.

వాళ్ళని సాగనంపి వచ్చేసరికి గిన్నెలన్నీ కడిగి బోర్లించి ఉన్నాయి. సత్తెమ్మ లేదు. సోమవారం రాలేదు. మంగళవారమూ రాలేదు. బుధవారం మా ఆయన ఉద్యోగం ఖాయమైన కాగితం పట్టుకుని వచ్చాడు. ఆ సాయంత్రమే నేను మిఠాయి పొట్లం కట్టించుకుని, రైలు పట్టాల అవతల సత్తెమ్మ ఇంటికి వెళ్ళాను.

నన్ను చూసి మంచం వాల్చింది. నీళ్ళిచ్చింది. తప్పు నాదేనని, సిగ్గుగా ఉందని చెప్పాను. ఎందుకు ఒప్పుకున్నావని అడిగాను.

"నీ మొగం జూసిన. గజగజ వణుకుతున్నవ్. ఆ పెద్దామె ముందట నిన్నింక పరేషాన్ చేసుడెందుకని."

"రేపట్నుంచి రా సత్తెమ్మా. ఇంక ఏ భయమూ లేదు. ఆయన ఉద్యోగం నిలబడింది."

ఆమె మిఠాయి పొట్లాన్ని నా పక్కకి జరిపింది.

"నీకు లేదమ్మా. నాకైతుంది. మొన్న ఫ్రిజ్ అన్నవ్. రేపు నీ మెడల గొలుసు కనవడకపోతే గప్పుడు గూడ నా పేరే చెప్తవ్. గప్పుడు ఇంటికి పోలీసోళ్ళొస్తరు. ఇగ నేను రాను."

అలా ఎన్నటికీ చెయ్యనని అనబోయాను. నోరు తెరిచాను కూడా. కానీ నా భయం సంగతి నాకు తెలుసు. పొట్లం తీసుకుని లేచి వచ్చేశాను.