గోడలోంచి మాట

పెడనలోని ఆ కలంకారీ కార్ఖానాలో అచ్చులు చెక్కేవాళ్లు రంగులవాళ్లతో మాట్లాడకూడదు. ఏదున్నా యజమాని నరసింహారావు గారికే చెప్పాలి. రెండు గదుల మధ్య గుమ్మాన్ని కూడా ఆయన ఇటుకలతో మూయించారు. ఆ తర్వాత అక్కడ కొత్త డిజైను ఒక్కటీ పుట్టలేదు.

కొత్త డిజైనరు ఇంద్రజ ఒక మధ్యాహ్నం ఆ గోడ పక్కన అన్నం తింటుంటే ఇటుకల్లోంచి ఎవరో నెమ్మదిగా అన్నారు. "అచ్చులో గాడి ఇంకాస్త లోతుగా చెక్కితే నీలం గీత దాటి పాకదమ్మా."

ఆమె అన్నం వదిలేసి లేచింది. వెళ్లి అచ్చులు చెక్కే పోతయ్యను అడిగింది.

అతను ఉలి పక్కన పెట్టాడు. "చనిపోయిన వెంకటరమణ గొంతండీ. రెండు గదులకీ మాట కలిపేది ఆయనే. రోజూ వింటన్నాను. ఎవరికి చెప్పను?"

రంగులు కలిపే ఉమాదేవీ అదే మాట చెప్పింది.

ఇంద్రజ ఇద్దరినీ యజమాని దగ్గరకు తీసుకెళ్లింది. తిడతారనుకుంటే ఆయన మొహం పాలిపోయింది.

"మీకూ వినపడుతోందా?" అన్నారు.

ఆ సాయంత్రమే గోడ తీయించారు. లోపల ఏమీ లేదు. మర్నాడు పోతయ్య, ఉమాదేవి పక్కపక్కన నిలబడి, గాడి లోతు పెంచిన అచ్చుతో గుడ్డ మీద నీలం అద్దారు. నీలం పాకలేదు. ఆ గొంతు మళ్లీ వినపడలేదు. అయినా చనిపోయినవాడి మాట మీద అద్దిన ఆ గుడ్డను ముందుగా తాకడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.