ఎక్కడిది?

తడిసిన గొంగడి వాసన.

వానలో మంద నిలబడితే వచ్చే వాసన... దాని అడుగున గొంగడికి పట్టించే చింతగింజల గంజి పులుపు.

వీరమ్మ ఆ వాసనలోనే పుట్టింది, ఆ వాసనలోనే కాపురానికి వచ్చింది. ఆత్మకూరు పక్క పల్లెలో ఆమె ఉన్ని వడికేది, మగడు బీరన్న గొంగళ్లు నేసేవాడు. ఆరేళ్ల భద్రమ్మ తల్లి కదురు పక్కన కూర్చునేది.

బడి దొర గడిలో, ఆ కోటగోడల లోపల ఉంది — దొర పిల్లలకు.

అందుకని కదురు తిరిగేది, పాఠం నడిచేది.

"బిడ్డా, కుండ ఎక్కడిది?"

"చెరువు మన్నుది."

"సాప ఎక్కడిది?"

"ఈతాకుది."

"గొంగడి?"

ఆ మాట కోసమే కాచుకున్నట్టు పిల్ల నవ్వేది. "గొర్రెది. అంచుకు తెల్లపోగు మన బొల్లిగొర్రెది."

మందంతా నలుపు. బొల్లి వీపున మాత్రం తెలుపు. ఆ తెల్ల ఉన్ని పోగొకటి ప్రతి గొంగడి అంచుకూ వేయించేది వీరమ్మ. ఎవరూ వేయమనలేదు. ఊరికే... ముద్దుగా ఉంటుందని.

నైజాము మీద సంగం లేచిన రోజులవి. గుట్టల్లో సంగపోళ్లు. ఊళ్లలో గడి జవాన్లు. సూర్యాపేట బాట మీద లారీలు.

ఒక ముసురు సందెవేళ సంగం మనిషి ఒకడు వాకిట్లో వణుకుతూ నిలబడ్డాడు. బీరన్న ఏమీ అడగలేదు. తన భుజం మీది గొంగడి తీసి కప్పాడు. మనిషి గుట్టెక్కి పోయాడు.

వీరమ్మ పిల్ల గదువ పట్టుకుంది.

"మీ ఇంటికి ఎవలొచ్చిన్రు అని అడిగితే ఏమంటవ్?"

"తెల్వదంట."

"ఎవలడిగినా?"

"ఎవలడిగినా తెల్వదంట."

నేర్పవలసింది నేర్పాననుకుంది.

వాన తెరిపిచ్చాక గడి జమేదారు వచ్చాడు, వెంట జవాన్లు. పెద్దవాళ్లను పలకరించలేదు. పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు.

"బిడ్డా, మీ ఇంటికి ఎవలన్న వచ్చిన్రా?"

"తెల్వదు."

వీరమ్మ ఊపిరి వదిలింది.

జమేదారు చంకలోని గొంగడి విప్పి పరిచాడు. తడిసి ఉంది. ఒక పక్క నెత్తురు అట్టగట్టి ఉంది. అంచుకు తెల్లపోగు.

"మరి ఇది ఎక్కడిది?"

ఎక్కడిది —

వీరమ్మ నోరు తెరిచింది.

పిల్ల ముఖం వెలిగింది.

"గొర్రెది. గీ తెల్లపోగు సూడు, మా బొల్లిది. మా అవ్వ వడికింది. మా అయ్య నేసిండు."

తప్పు లేదు. ఒక్క అక్షరం తప్పు లేదు.

"శెభాష్. గిదంత ఎవలు నేర్పిన్రు?"

"మా అవ్వ."

జమేదారు జేబులోంచి బెల్లం ముక్క తీశాడు. "ఇది?"

"చెరుకుది."

పిల్ల నోట్లో పెట్టాడు.

జవాన్లు బీరన్న చేతులు వెనక్కి విరిచి కట్టారు. జమేదారుకు ఆట రుచించింది.

"మరి తాడు?"

బుగ్గన బెల్లం. పిల్ల తండ్రిని చూసింది, జమేదారును చూసింది. అడిగితే చెప్పాలి కదా.

"గోగునారది," అంది మెల్లగా.

జవాన్లు నవ్వారు.

"పిల్లనేమనకే," అన్నాడు బీరన్న పెండ్లంతో. ఆ ఒక్క మాటే. అతన్ని ఎక్కించుకున్న లారీ మిర్యాలగూడ బాట పట్టింది.

మగని కోసం వీరమ్మ తిరిగింది. సూర్యాపేటలో అడిగింది — తెల్వదు. మిర్యాలగూడలో అడిగింది — తెల్వదు. కోదాడ దాకా నడిచి అడిగింది — తెలియదమ్మా, పో.

వాళ్లకు ఎవరు నేర్పారో... అంత బాగా నేర్చారు.

పిల్లను కొట్టలేదు వీరమ్మ. బొల్లిని మాత్రం తాడు కట్టి కటికాయనకు పట్టించింది. పిల్ల దాని వెంట వీధి చివరి దాకా పోయి, ఏడవకుండా తిరిగొచ్చింది.

ఇప్పుడు కదురు మీద అంతా నలుపే.

మళ్లీ ముసురు. పిల్ల తల్లి పక్కకు జరిగింది.

"అవ్వా, అడుగు."

కదురు తిరిగింది.

"జర అడుగవే అవ్వా."

కదురు తిరిగింది... తిరిగింది. ఎంతోసేపటికి వీరమ్మ అడిగింది, పిల్ల వైపు చూడకుండా.

"గొంగడి ఎక్కడిది?"

పిల్ల పెదవులు కదిలాయి. మాట పెదవి దాకా వచ్చింది, లోపలికి పోయింది.

"తెల్వదు."

పోగు తెగింది. వీరమ్మ మళ్లీ అతికింది.

బయట వాన. చూరు కింద మంద ఒదిగి నిలబడింది.

తడిసిన గొంగడి వాసన... ఇంట్లో గొంగడి లేదు.