తీగ పాకినంత మేర

పెరడు పంచమని పిల్లలిద్దరూ అడిగితే, చచ్చేముందు తల్లి ఒక్క మాట అంది: "తీగ పాకినంత మేర అక్కది, మిగతాది తమ్ముడిది." మహాతల్లి, "ఈ రోజుకి" అని ఒక్క ముక్క కలిపి ఉంటే ఇంత రచ్చ ఉండేది కాదు.

అది నీలం పూల తీగ. వంగి కలుపు తీయలేక తల్లే నాటింది. నీళ్ళు అడగదు, కత్తిరింపు అడగదు, కలుపుని తల ఎత్తనివ్వదు. కణుపు నేలకి తగిలితే చాలు, అక్కడ వేరు పట్టేస్తుంది. అలా చాప కింద నీరులా తమ్ముడి వెల్డింగ్ షెడ్డు దాకా వచ్చేసింది.

ఒంటరిగా బట్టలు కుట్టుకుని బతికే అక్కకి ఆ తీగంటే ప్రాణం. ఇంకాస్త చోటు కలిస్తే కుట్టుగది వేసుకోవచ్చని ఆశ. అందుకే కొసల్ని తలపిన్నులతో నేలకి గుచ్చేది. తమ్ముడు అది కనిపెట్టి సలసల కాగే నీళ్ళు పోశాడు. ఆమె ఇస్త్రీపెట్టె విసిరి అతని కనుబొమ చీల్చింది. అతను జుట్టు పట్టుకుని ఆమె తల గోడకేసి కొట్టాడు. ఆమె అతని ముంజేతిని కండ ఊడేలా కొరికింది. ఒకే కడుపున పుట్టారు మరి, ఎవరు తగ్గుతారు?

ఓ ఉదయం అతను పార పట్టుకొచ్చాడు.

"ఆగరా. అమ్మ మాట కాదంటావా?"

"అమ్మ మాటే కదా. తీగే లేకపోతే మొత్తం నాదే."

అగ్గి మీద గుగ్గిలమై నరకడం మొదలుపెట్టాడు. మట్టి, పూలు కలిసి ఎగిరాయి. అక్క మోకాళ్ళ మీద కూలబడి, ఆకుల కిందికి చెయ్యి దూర్చి, తెగిన కొసల్ని నేలకి అదుముతూనే ఉంది. ఆ గుబురులో ఏది కాడో ఏది చెయ్యో అతను చూడలేదు. మరో వేటు వేశాడు.

ఈసారి చప్పుడు మారింది. ఆమె చెయ్యి బయటికి తీసింది. కుడి బొటనవేలు లేదు. రక్తం మోచేతి దాకా కారుతోంది.

పార వదిలేసి తమ్ముడు ఆకుల్లో దేవులాడాడు. ఏమీ దొరకలేదు. కత్తెర పట్టే వేలు అది, అది పోతే ఆమెకి బతుకే లేదు.

"తొందరగా దొరికితే అతికిస్తార్రా. పీకెయ్, అంతా పీకెయ్" అంటూ అక్క తనే ఎడమచేత్తో తీగని కూకటివేళ్ళతో పెరికింది. ఇద్దరూ కలిసి పందుల్లా నేలని తవ్విపోశారు. పెరడంతా బోడి అయిపోయింది.

చివరికి తమ్ముడు మట్టిలోంచి వేలు తీసి, అరచేతిలో పెట్టుకుని ఆమె ముందుకి చాచాడు.

"ఇది నీదే అక్కా" అన్నాడు.